చిన్న విమానములో సీటు పట్టా

ఆర్మూరు ప్రాంతములో పసుపు తవ్వకములు మొదలైనవనగా పల్లెలన్నియు ఆ వాసనతో నిండిపోవును. తవ్విన కొమ్ములను ఉడికించి, కల్లములలో ఆరబోసి, ఎండిన తరువాత ఇనుప డ్రమ్ములలో వేసి త్రిప్పుదురు. డ్రమ్ము తిరుగుచుండగా కొమ్ము కొమ్ముతోను, కొమ్ము ఇనుప గోడతోను రాచుకొని పైపొట్టు రాలిపోవును. పసుపునకు మెరుగు వచ్చును. ఈ డ్రమ్మునకు ఇరుసు అరిగినను, బుష్షు పోయినను రైతు దూరము పోనక్కరలేదు. ఊరిలోని లేతు దుకాణములో సాయంత్రమునకు క్రొత్త ముక్క చేసి యిత్తురు.

ఒకనాడు తరగతిలో ఘర్షణను గురించి చెప్పుచు నేను ఈ డ్రమ్మును ఉదాహరణగా తీసికొంటిని. ఇచ్చట అరుగుదల మనకు కావలసినది. అక్కరలేని చోట అరుగుదల ఎంత హాని చేయునో చూపుటకు, చిన్న విమానములలో పైలట్ సీటు క్రింద నుండు పట్టాను గురించి చెప్పితిని. జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన చాల కాలముగా వినవచ్చుచున్నది గనుక, విమానమను మాట చెవిని పడగానే పిల్లలు సర్దుకొని కూర్చుండిరి. ఆ పట్టాలో ఒక రంధ్రము హద్దు మీరి అరిగినచో విమానమును నిలిపివేయుదురనియు, క్రొత్త పట్టాను చాలసార్లు అమెరికానుండి తెప్పింపవలసి యుండుననియు చెప్పగా, వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, “సార్, గంత చిన్న ముక్క కోసం అమెరికాకు రాసుడెందుకు? మన లేతు షాపుల ఒక్క పూటల చేసిస్తరు గద!” అనెను.

తరగతి యంతయు నవ్వినది. కాని అది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న సీటు పట్టా చరిత్రను మొదటినుండి చూడవలెను.

సీటు కదలుట ఎప్పుడు వచ్చినది?

1903 లో రైటు సోదరులు మొదటిసారి ఎగిరినప్పుడు వారి విమానములో సీటే లేదు. నడుపువాడు క్రింది రెక్కమీద బోర్లపండుకొనెను. 1908 నాటికి వారు కూర్చుండుటకు ఆసనములు అమర్చిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములలో పేము బుట్టవంటి సీట్లు కనుపించును. అవి తేలికగా నుండును. అంతకుమించి వాటినుండి ఎవరును ఏమియు కోరలేదు.

మన రాష్ట్రములో ఈ చరిత్ర బేగంపేటలో కనుపించును. నిజాం పాలనలో 1930 వ దశకమున హైదరాబాదు ఏరో క్లబ్బు అచ్చట వెలసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో బేగంపేటలోని ప్రాథమిక శిక్షణ పాఠశాలలో యువకులు టైగర్ మాత్ అను రెండు రెక్కల విమానముపై ఎగురుట నేర్చుకొనిరి. ఆ విమానములో సీటు తొట్టివలె నుండి, చట్రమునకు బిగింపబడి యుండును. పైలట్ తన పారాచూటు మూటనే పరుపుగా చేసికొని దానిపై కూర్చుండును. పొట్టివాడైనచో ఇంకొక దిండు వేసికొనును. అనగా మనిషి సీటునకు సర్దుకొనవలెనే గాని సీటు మనిషికి సర్దుకొనదు.

యుద్ధము ముగిసిన తరువాత అమెరికాలోని విమాన నిర్మాతలు, ఇంటింటికి కారు ఉన్నట్లే విమానమును ఉండునని ఆశించిరి. అందుచేత చిన్న విమానమునకు కారు రూపము వచ్చినది. ప్రక్కన తలుపు, ముందు రెండు సీట్లు, వెనుక రెండు సీట్లు, స్టీరింగువంటి కంట్రోలు చక్రము. 1927 లో క్లైడ్ సెస్నా కాన్సాస్ రాష్ట్రమున విచిటా నగరములో స్థాపించిన సంస్థ ఈ మార్గములో ముందు నిలిచినది. ఆ సంస్థ 1956 లో అమ్మకమునకు తెచ్చిన సెస్నా 172, ప్రపంచములో అత్యధికముగా తయారైన విమానము. ఆ నమూనా విమానములు 44,000 కు పైగా నిర్మింపబడినవి. దాని తమ్ములైన సెస్నా 150, 152 లు రెండు సీట్ల శిక్షణ విమానములు. బేగంపేటలో ఆంధ్ర ప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ విద్యార్థులు తరువాతి కాలమున 152, 172 విమానములపైననే శిక్షణ పొందిరి.

ఇట్టి విమానములో ముందు సీటు కదలక తప్పదు. తలుపులోనుండి లోనికి దూరుటకు సీటు వెనుకకు పోవలెను. కూర్చున్న తరువాత, పాదములు రడ్డరు పెడళ్లను చివరివరకు త్రొక్కునంత ముందుకు రావలెను. బ్రేకులు కూడ ఆ పెడళ్ల కొనలయందే ఉండును. కన్నులు ముందున్న ఇంజను మూత మీదుగా దారిని చూడగలుగవలెను. ఆరడుగుల బోధకునికి సరిపోయిన స్థానము అయిదడుగుల విద్యార్థినికి సరిపోదు. కనుక సీటును పట్టాలపై నడిపించిరి.

పట్టా ఎట్లుండును?

ఆర్.టి.సి. బస్సులో డ్రైవరు సీటును గమనించినవారికి దీనిని అర్థము చేసికొనుట కష్టము కాదు. డ్రైవరు సీటు క్రింది లివరును ఎత్తి, సీటును ముందుకో వెనుకకో జరిపి, లివరును వదలును. ‘టక్’ మని శబ్దమై సీటు నిలిచిపోవును. విమానములో జరుగునదియు ఇంచుమించు ఇదియే.

సీటుకు రెండు పట్టాలు. ఇవి అల్యూమినియం మిశ్రలోహముతో చేయబడి, విమానపు నేలకు రివెట్లతో బిగింపబడి యుండును. పట్టా పైభాగమున వరుసగా రంధ్రములుండును. సీటు కాళ్లకు చిన్న రోలరులుండి అవి పట్టాపై దొర్లును. సీటు పైకి లేచిపోకుండ కాళ్లకున్న కొక్కెములు పట్టా అంచును క్రిందినుండి పట్టుకొని యుండును. సీటునుండి ఒక ఉక్కు పిన్ను స్ప్రింగు బలముచేత రంధ్రములోనికి దిగును. లివరు ఎత్తినప్పుడు పిన్ను పైకి వచ్చును, వదలినప్పుడు దిగును. పట్టా కొనలలో సీటు జారి బయటపడకుండ అడ్డు పిన్నులుండును.

ఇంత సులభమైన నిర్మాణములో ఒక మాట గుర్తుంచుకొనవలెను. రోలరులు సీటును కదలనిచ్చుటకే యున్నవి. కొక్కెములు సీటు లేవకుండ ఆపును గాని వెనుకకు జారకుండ ఆపవు. సీటును ఒకచోట నిలుపునది, చిటికెనవ్రేలి కంటె సన్నని ఆ పిన్ను, అది దిగిన రంధ్రపు అంచు మాత్రమే.

జారినచో నేమగును?

విమానము నేలను విడిచి ముక్కు పైకెత్తి ఎక్కుచున్నదనుకొందము. నేల 10 డిగ్రీలు వాలినది. పైలట్ బరువు 70 కిలోగ్రాములు, సీటు బరువు 10 కిలోగ్రాములు అనుకొన్నచో మొత్తము 80. పదవ తరగతిలో నేర్చిన త్రికోణమితి ప్రకారము 10 డిగ్రీల సైను విలువ సుమారు 0.17. కనుక వాలు వెంట వెనుకకు లాగు బలము 80 ను 0.17 చే గుణింపగా వచ్చు 14 కిలోగ్రాముల బరువునకు సమానము. విమానము ఇంకను వేగమును పుంజుకొనుచున్నచో ఈ బలము మరికొంత పెరుగును. దొర్లు రోలరుల ఘర్షణ దీనిలో స్వల్ప భాగమును మాత్రమే ఆపగలదు. మిగిలిన భారమంతయు పిన్నుపై పడును.

పిన్ను సరిగా దిగక సీటు వెనుకకు జారినదనుకొనుడు. పైలట్ చేతిలో కంట్రోలు చక్రమున్నది. మనము బస్సులో వెనుకకు తూలినప్పుడు చేతికందిన కడ్డీని గట్టిగా పట్టుకొందుము. అది మన ప్రయత్నము లేకయే జరుగును. పైలట్‌కును అంతే. అతడు చక్రమును పట్టుకొని వెనుకకు పోవును. చక్రమును వెనుకకు లాగుట యనగా విమానపు ముక్కును ఇంకను పైకెత్తుట. గాలి రెక్కను తాకు కోణము సుమారు 15 డిగ్రీలు దాటినచో గాలి రెక్కను అంటుకొని ప్రవహింపక విడిపోవును. రెక్కనుండి వచ్చు ఊర్ధ్వబలము పడిపోవును. దీనినే స్టాల్ అందురు. ఆకాశములో ఎత్తున నున్నచో దానినుండి కోలుకొనవచ్చును. నేలకు వంద రెండువందల అడుగుల ఎత్తున నున్నప్పుడు కోలుకొనుటకు చోటు లేదు. అదే సమయమున పాదములు పెడళ్లకు అందవు. ముందున్న దారి కనుపింపదు.

నడుము బెల్టు ఉన్నది గదా యని సందేహము రావచ్చును. బెల్టు మనిషిని ముందుకు పడకుండ ఆపుటకు అమర్చినది. సీటుతో కూడ వెనుకకు పోవువానిని అది ఆపజాలదు.

గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమగుట

పిన్ను ఉక్కు, పట్టా దానికంటె మెత్తని అల్యూమినియం మిశ్రలోహము. రెండు లోహములు రాచుకొన్నప్పుడు మెత్తనిది ముందుగా అరుగును. విమానము కదలిన ప్రతిసారి పిన్ను రంధ్రపు అంచును ముందుకును వెనుకకును కొట్టుచుండును. ప్రక్కలకు కొట్టదు. కనుక రంధ్రము అన్ని వైపులను సమానముగా పెద్దది కాదు. పట్టా పొడవు వెంట సాగి కోడిగ్రుడ్డు ఆకారమును పొందును. అంచులు వాలుగా అరిగినచో, లాగినప్పుడు పిన్ను ఆ వాలు వెంట పైకి ఎక్కివచ్చుటకు మార్గమేర్పడును.

శిక్షణ విమానమునకు ఈ జబ్బు త్వరగా పట్టును. సొంత విమానములో ఒకే మనిషి ఒకే స్థానములో కూర్చుండును. శిక్షణ విమానములో ఒక్క దినమున నలుగురైదుగురు విద్యార్థులు మారుదురు. ప్రతివాడును సీటును జరుపును. లివరును పూర్తిగా ఎత్తకయే జరిపినచో పిన్ను కొన ప్రతి రంధ్రపు అంచును గీచుకొనుచు పోవును. వారి బూట్లకంటిన మట్టియు, చిన్న రాళ్లును రంధ్రములలో చేరి పిన్నును పూర్తిగా దిగనీయవు. ఒక్కొక్కప్పుడు పిన్ను రెండు రంధ్రముల నడుమ పట్టాపై ఆనియుండును; కూర్చున్నవానికి సీటు నిలిచినట్లే తోచును. అందుచేతనే బోధకులు, సీటు జరిపిన పిదప ముందుకు వెనుకకు ఊగి చూడవలెనని విద్యార్థికి మొదటి దినముననే నేర్పుదురు.

1987 నాటి ఆదేశము

సీట్లు జారి ప్రమాదములు కలిగినవని తెలియవచ్చిన మీదట, అమెరికా విమానయాన అధికార సంస్థ 1987 లో ఒక ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివును జారీ చేసినది. విమానము ఎగురుటకు తగియుండవలెనన్న తప్పక చేయవలసిన పనిని తెలుపు ఆదేశమునకు ఆ పేరు. దాని సంఖ్య 87-20-03. సెస్నా సంస్థ చేసిన చిన్న విమానములలో అనేక నమూనాలకు అది వర్తించినది.

ఈ ఆదేశమును చదివిన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి సంతోషము కలుగును. ఏలననగా, అందులో ‘జాగ్రత్తగా చూడవలెను’ అని చెప్పి ఊరకొనలేదు; దేనిని ఎంతవరకు కొలువవలెనో చెప్పినారు. ప్రతి 100 గంటల ప్రయాణమునకు ఒకసారి తనిఖీ చేయవలెను. రంధ్రము అరిగిన దిశలో కొలత 0.36 అంగుళము, అనగా సుమారు 9.1 మిల్లీమీటర్లు దాటినచో 50 గంటలకొకసారి కొలువవలెను. 0.42 అంగుళము, అనగా సుమారు 10.7 మిల్లీమీటర్లు దాటినచో పట్టాను మార్చనిదే విమానము ఎగురరాదు. పిన్ను రంధ్రములోనికి కనీసము 0.15 అంగుళము, అనగా 3.8 మిల్లీమీటర్లు దిగవలెను. రంధ్రములలో మట్టి ఉన్నదా, రోలరులు చక్కగా తిరుగుచున్నవా, కొక్కెములు పలుచబడినవా, స్ప్రింగు బలము తగ్గినదా, పట్టాలో పగులు ఉన్నదా యని కూడ చూడవలెను.

పై రెండు హద్దులకు నడుమ భేదము ఒకటిన్నర మిల్లీమీటరు. ఇంత స్వల్పభేదమును కన్ను పట్టలేదు. ఈ ఆదేశమే కొన్ని మార్పులతో 2011 లో 2011-10-09 అను సంఖ్యతో మరల వెలువడినది. ఇరువదినాలుగేండ్ల తరువాత కూడ అదే తనిఖీ కొనసాగుట గమనింపదగినది. అరుగుదల ఒకసారి మందు వేసినచో పోవు వ్యాధి కాదు. పిన్నును పట్టాయు ఉన్నంత కాలము అదియు నుండును.

తప్పు ఎవరిది?

సీటు జారి విమానము కూలినప్పుడు నిజమును కనుగొనుట తేలిక కాదు. కూలిన దెబ్బకు పట్టాలు వంగును, రివెట్లు తెగును, పిన్ను ఊడిపోవును. సీటు ముందే జారినదా, కూలినప్పుడు ఊడినదా? పైలట్ పిన్నును సరిగా దింపలేదా, దిగిన పిన్ను లేచివచ్చినదా? శిథిలములను చూచి చెప్పుట నిపుణులకును కష్టము. అందుచేత చాలకాలము ‘పైలట్ పొరపాటు’ అను మాటతోనే అనేక విచారణలు ముగియుట సహజమయ్యెను.

1989 లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున పెన్సకోలా సమీపమున ఒక సెస్నా 185 కూలిపోయినది. గాయపడినవారు, సీటు జారుటయే కారణమని దావా వేసిరి. నిర్మాణ సంస్థ దానిని ఒప్పుకొనలేదు. 2001 లో జ్యూరీ బాధితుల పక్షమున 48 కోట్ల డాలర్ల పరిహారమును నిర్ణయించినది. జ్యూరీ నిర్ణయించినది చట్టపుమాట. శాస్త్రవేత్తకు అదియే తుది రుజువు కాదు. అయినను ఆ తీర్పు ఒక ప్రశ్నను అందరి ముందును నిలిపినది. మనిషి పొరపాటు చేయునని ముందే తెలిసినప్పుడు, ఒక్క పిన్నుపైననే ప్రాణమును వ్రేలాడదీయుట తగునా?

దీనికి సాంకేతికమైన సమాధానము సులభమైనదే. 2007 లో సెస్నా సంస్థ సీటుకు రెండవ అడ్డును అమర్చుకొనుడని సర్వీసు బులెటిను వెలువరించినది. కారు బెల్టువలె చుట్టుకొను పట్టీ యొకటి సీటును నేలకు కలుపును. సీటును మెల్లగా జరిపినప్పుడు అది వదలుగా సాగును. సీటు హఠాత్తుగా వెనుకకు జారినచో బిగిసి ఆపును. మొదటి పిన్ను తప్పినను రెండవది పట్టుకొనును.

క్రొత్త పట్టా ఎచ్చట దొరకును?

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వచ్చుచున్నాము. 1986 లో సెస్నా సంస్థ చిన్న పిస్టను విమానముల నిర్మాణమును ఆపివేసినది. ప్రమాదముల దావాల వలన ఖర్చు భరింపరానిదైనదని నిర్మాతలు చెప్పిరి. 1994 లో అమెరికాలో చేసిన చట్టము, 18 సంవత్సరములు దాటిన చిన్న విమానముల విషయమున నిర్మాతల బాధ్యతకు హద్దు విధించినది. 1996 లో కాన్సాస్‌లోని ఇండిపెండెన్స్ పట్టణమున నిర్మాణము మరల మొదలైనది. 152 మాత్రము తిరిగి రాలేదు. కాని పాత విమానములు ఎగురుచునే యున్నవి. విమానమును చేయుట ఆగినను పట్టా అరుగుట ఆగలేదు.

కనుక పట్టా రెండు మార్గములలో లభించును. ఒకటి, మొదటి నిర్మాత అమ్ము విడిభాగము. రెండవది, ఇతర సంస్థలు చేయు పట్టా. అట్టి సంస్థ తన పట్టా మొదటిదానికి ఏ విధమునను తీసిపోదని అధికార సంస్థకు రుజువు చేసి అనుమతి పొందవలెను. కాన్సాస్‌లోని బాల్డ్విన్ సిటీలో మెక్‌ఫార్లేన్ అను సంస్థ ఇట్టి అనుమతితో సెస్నా విమానములకు సీటు పట్టాలు చేయుచు పేరు పొందినది. బయటివారు చేసినదైనంత మాత్రమున అది దొంగసరుకు కాదు. అనుమతి ఉన్నదా లేదా అన్నదే తేడా.

మన దేశములో పౌర విమానయానమును డి.జి.సి.ఏ. పర్యవేక్షించును. విమానమును రూపొందించిన దేశపు అధికారులు జారీచేసిన తప్పనిసరి ఆదేశములను ఇచ్చటి విమానములకును పాటింపవలెను. కనుక కాన్సాస్‌లో పుట్టిన విమానము హైదరాబాదులో ఎగిరినను దాని రంధ్రములకు హద్దులు అవియే. క్రొత్త పట్టా వచ్చినప్పుడు దానితో అధీకృత విడుదల పత్రము రావలెను. విమానపు నమూనా, వరుససంఖ్య, పట్టా భాగసంఖ్య సరిపోవలెను. లైసెన్సు గల ఇంజనీరు దానిని అమర్చి, లాగు పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను.

ఈ కాగితముల వలన కాలము పట్టునన్నది నిజమే. మన దేశములో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావలెనన్న విద్యార్థి 200 గంటలు ఎగురవలెను. ఒక పట్టా కొరకు విమానము షెడ్డులో నిలిచినచో ఆ విద్యార్థి గంటలును నిలిచిపోవును; హాస్టలు ఖర్చు మాత్రము నిలువదు. పల్లెనుండి వచ్చి, తండ్రి అప్పుతో ఫీజు కట్టినవానికి ఇది చిన్న కష్టము కాదు. ‘ఇంకొక పది గంటలు నడపుదము, ఏమగును?’ అను మాట ఇట్టి సమయముననే పుట్టును. దానిని కాదనుటకు ఇంజనీరు చేతిలోనున్నది 10.7 అను అంకె మాత్రమే.

కాగితము లేని ముక్క ఏమి చేయగలదో ప్రపంచము చూచియే యున్నది. 1989 సెప్టెంబరు 8 న నార్వే దేశపు పార్ట్‌నెయిర్ విమానము డెన్మార్కు సమీపమున సముద్రములో కూలి 55 మంది మరణించిరి. తోకను బిగించు బోల్టులలో నాసిరకపు నకిలీ భాగములున్నట్లు విచారణలో తేలినది. చూచుటకు అవి అసలు బోల్టులవలెనే ఉండెను.

మన లేతు దుకాణములో చేయింపరాదా?

మన పనివాని చేతినేర్పును నేను తక్కువ చేయుట లేదు. చిక్కు చేతిలో లేదు; లోహములో నున్నది. 1906 లో జర్మను శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్, రాగి, మెగ్నీషియము స్వల్పముగా కలిపిన అల్యూమినియమును వేడిచేసి నీటిలో చల్లార్చి చూచెను. అది వెంటనే గాక కొన్ని దినములు గడచిన తరువాత గట్టిపడెను. ఈ గుణమును ఉపయోగించియే విమానములకు తగిన మిశ్రలోహములు తయారైనవి. వాటిలో బలమైనవి స్వచ్ఛమైన అల్యూమినియము కంటె నాలుగైదు రెట్లు బలముగా నుండును. కాని రెండింటి రంగును, మెరుపును ఒకటే. అంగడిలో దొరకు కిటికీ చట్రపు కడ్డీని ప్రక్కన పెట్టినచో కంటికి తేడా తెలియదు.

పట్టాను, మురుకుల గొట్టములో పిండినుంచి నొక్కినట్లు, వేడి లోహమును అచ్చుగుండ నొక్కి పొడవుగా తీయుదురు. తరువాత నిర్ణీతమైన ఉష్ణోగ్రతలో దానిని గట్టిపరచుదురు. ఏ దిమ్మెనుండి ఏ పట్టా వచ్చినదో, దాని బలమెంతయో లెక్క వ్రాసి యుంచుదురు. మన దుకాణములో మొదట తోచు ఉపాయము, అరిగిన రంధ్రమును వెల్డింగుతో పూడ్చి మరల తొలుచుట. ఆ వేడికి చుట్టునున్న లోహపు గట్టిదనము పోవును. రంధ్రము చక్కగా గుండ్రముగా నుండును. అంచు మాత్రము మునుపటికంటె మెత్తనగును. ఉక్కుతో చేసినచో బరువు పెరుగును. తేమ తగిలినప్పుడు ఉక్కు ఆనిన చోట అల్యూమినియం నేల తినివేయబడును. అరుగుదల కూడ పట్టాను వదలి పిన్నును పట్టుకొనును. అంతకంటె ముఖ్యముగా, మనము చేసిన ముక్క ఎంత బలమును భరించునో కొలిచి చూపిన వారెవరును లేరు.

పసుపు డ్రమ్ము బుష్షు విరిగినచో డ్రమ్ము ఆగును. మరునాడు ఇంకొకటి వేయుదుము. అచ్చట ముక్కను పరీక్షించునది పనియే. విమానములో అట్టి పరీక్షకు అవకాశము లేదు. పరీక్ష ముందే జరిగి, దాని సాక్ష్యము కాగితముపై ముక్కతో కూడ ప్రయాణము చేయవలెను.

అమర్చుటలోని నేర్పు

పట్టా వచ్చినంత మాత్రమున పని ముగియదు. సీటును బయటకు తీసి, పాత రివెట్ల తలలను నేల రేకునకు గాయము కాకుండ తొలచివేయవలెను. పట్టా క్రింద ఏండ్ల తరబడి చేరిన తేమ వలన నేల చెడినదేమో చూడవలెను. క్రొత్త పట్టాకు రివెట్ల రంధ్రములను నేలలోని పాత రంధ్రములతో సరిపెట్టి తొలువవలెను. రెండు పట్టాలును సమాంతరముగా నుండి, పిన్నులు నిలుచు రంధ్రములు ఒకదానికొకటి ఎదురుగా రావలెను. లేనిచో పిన్ను సగమే దిగును, లేదా సీటు మధ్యలో బిగుసుకొనును. కొనల అడ్డు పిన్నులను మరువరాదు. చివరకు సీటునుంచి, ప్రతి స్థానములోను పిన్ను ఎంత లోతు దిగుచున్నదో కొలువవలెను. క్రొత్త పట్టాపై పాత రోలరులను, అరిగిన పిన్నును ఉంచినచో క్రొత్తది త్వరగా పాతదగును.

పట్టాను గురించిన ఆలోచన తరువాత ఇంకను ముందుకు పోయినది. 1917 లో శిక్షణలో నుండగా విమాన ప్రమాదమునుండి బ్రతికి బయటపడిన హ్యూ డిహేవెన్ అను అమెరికను, మనిషిని చంపునది కూలుట మాత్రమే కాదు, అతని చుట్టునున్న వస్తువుల అమరిక కూడ అని గ్రహించెను. 1942 లో అతడు కార్నెల్ విశ్వవిద్యాలయములో ప్రమాద గాయముల పరిశోధనను మొదలుపెట్టెను. ఇట్టి పరిశోధనల ఫలముగా 1988 లో అమెరికా చిన్న విమానముల సీట్లకు క్రొత్త పరీక్షలు విధించినది. ముందు వరుస సీటును బొమ్మ మనిషితో సహా, గురుత్వ త్వరణమునకు 26 రెట్లు వరకు పోవు దెబ్బతో పరీక్షింపవలెను. అంతియే కాదు, పరీక్షకు ముందే ఒక పట్టాను ఇంకొక పట్టాతో 10 డిగ్రీలు వంకరగా త్రిప్పవలెను. ఏలననగా, నిజమైన ప్రమాదములో నేల చదునుగా ఉండదు. పట్టా ఎప్పుడును సరిగానే ఉండునను నమ్మకమును నియమమే విడిచిపెట్టినది.

తరగతిలో ఒక కొలత

ఈ కథను చెప్పిన మరునాడు ప్రశ్న అడిగిన విద్యార్థి తన యింటి పసుపు డ్రమ్మునుండి తీసివేసిన పాత బుష్షు నొకదానిని తెచ్చెను. ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సును అతని చేతికిచ్చి, రంధ్రమును ఒక దిశలోను, దానికి లంబముగా ఇంకొక దిశలోను కొలువుమంటిని. మూడుమారులు కొలిచి సగటు తీయించితిని. రెండు దిశలకు నడుమ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినది. ఉపాధ్యాయులు తమ పాఠశాలలలో సైకిలు పెడలు రంధ్రమునో, తలుపు బందునో తీసికొని ఈ కొలతను చేయింపవచ్చును. దీనికి ఖర్చు లేదు.

ఆ బాలుడు బుష్షును కిటికీ వెలుతురునకెత్తి చాలసేపు చూచి, “కంటికైతే గుండ్రంగనే ఉన్నది సార్” అనెను. తరువాత కాలిపర్సును మరల తీసికొని, నాలుగవ మారు కొలుచుటకు కూర్చుండెను.